పొదుపు చేసిన నీరు ఎవరిది?

యువజన సేవ, నీటి పొదుపు, తోట పెంపకం - ఈ మూడు మాటలకూ నేడు శత్రువులు లేరు. మంత్రి మెచ్చుకుంటాడు, కలెక్టరు మెచ్చుకుంటాడు, లోతు బోరు వేసి ట్యాంకర్లతో నీళ్లమ్ముకునే వ్యాపారి కూడా మెచ్చుకుంటాడు. పరస్పర విరుద్ధమైన ప్రయోజనాలు గల వర్గాలన్నీ ఒకే మాటకు తలలూపుతున్నప్పుడు విమర్శకుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ మాటలో అసలు ప్రశ్న ఎక్కడో దాగి ఉన్నదనుకోవాలి.

“నీటిని పొదుపు చేయడం మంచి పని” అంటాం. ఈ వాక్యంలో కర్త లేడు, ఫలభోక్త లేడు. ఎవరు పొదుపు చేయాలి? మిగిలిన నీరు ఎవరికి చెందాలి? ఈ రెండు ప్రశ్నలూ వేయనంతవరకు అది నీతివాక్యం కాదు, గోడమీద రాసుకునే నినాదం మాత్రమే. ఈ సంగతి నేను పుస్తకాలలో నేర్చుకోలేదు. నేను పాఠాలు చెప్పిన కళాశాల ఆవరణలో, నా శిష్యుల ఎదుట సిగ్గుపడి నేర్చుకున్నాను. అందులో నా తప్పు కూడా ఉన్నది గనుక దానితోనే మొదలుపెడతాను.

1

అది అనంతపురం జిల్లాలో ఒక కళాశాల. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఏటా వస్తుందన్న నమ్మకం లేదు. అటువంటి చోట ప్రిన్సిపాలుగారి గది ముందు ఐదువందల చదరపు మీటర్ల పచ్చిక ఉండేది. దానిమీద ఎవరూ నడవరాదు, కూర్చోరాదు. చూసి ఆనందించడానికి మాత్రమే. రాయలసీమ ఎండకు పచ్చిక పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు లీటర్లయినా పోయాలి. అంటే రోజుకు రెండువేల లీటర్లకు తక్కువ కాదు.

కొన్నేళ్ల క్రిందట జాతీయ సేవా పథకం విద్యార్థులు నలభై మంది ఆ పచ్చికను తీసివేసి, తక్కువ నీటితో బ్రతికే తోట వేద్దామని సంకల్పించారు. వారికి నేను సలహాదారుణ్ణి. పని నిజంగా బాగా జరిగింది. కానుగ, వేప, సీతాఫలం, గన్నేరు, తంగేడు, కలబంద వంటి మన నేలకు అలవాటైన మొక్కలను ఎంచుకున్నారు. అరవై మొక్కల పక్కన అరవై మట్టికుండలను మెడవరకు పాతిపెట్టారు. కుండలో నీరు పోసి మూత పెడితే, చుట్టూ మట్టి ఆరుతున్నకొద్దీ నీరు కుండగోడలలోనుంచి మెల్లగా చెమర్చి వేళ్లకు అందుతుంది. మట్టి తడిగా ఉంటే కుండ తనంతట తానే ఊరుకుంటుంది. ఇది కొత్త కల్పన కాదు. క్రీస్తుపూర్వం ఒకటవ శతాబ్దినాటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి వర్ణితమై ఉన్నది. పాదుల మీద ఎండుటాకులు, వేరుశనగ పొట్టు కప్పారు. ఎండ నేరుగా మట్టిని తాకకుండా చేశారు. మిద్దెమీది వాననీరు దిగడానికి గొట్టాలు పెట్టి, ఇంకుడు గుంట తవ్వారు.

లెక్క కూడా వారే వేశారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. కళాశాల మిద్దె నాలుగువందల చదరపు మీటర్లు. 550 మిల్లీమీటర్లు కురిసిన సంవత్సరంలో దానిమీద పడే నీరు రెండు లక్షల ఇరవైవేల లీటర్లు. ఐదోవంతు వృథాపోయినా లక్షా డెబ్భై ఆరువేల లీటర్లు మిగులుతుంది. పాత పచ్చికకైతే అది మూడు నెలలకు కూడా చాలదు. కొత్త తోటలో అరవై కుండలకు మూడు రోజులకొకసారి ఆరేసి లీటర్ల చొప్పున పోస్తే, రోజుకు సగటున నూట ఇరవై లీటర్లు సరిపోయింది. మిగిలిన పొదలకు హాస్టలులో చేతులు కడిగిన నీరు మళ్లించాలని నిర్ణయం.

ఆ కడిగిన నీటి దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. గుంటలు తవ్వడానికి పోటీపడిన కుర్రవాళ్లు, ఎంగిలి మెతుకులు పేరుకున్న మురుగుకాలువను బాగుచేయవలసి వచ్చేసరికి వెనక్కి తగ్గారు. “స్వీపరు అక్క చేత చేయిద్దాం సార్” అన్నారు. మొక్క నాటడం సేవ. కాలువ తీయడం స్వీపరు పని! ఏది సేవో, ఏది చాకిరో మన కులవ్యవస్థ మన చేతులకు ముందే నేర్పిపెట్టింది. మొదటిరోజు అబ్బాయిలు తవ్వారు, అమ్మాయిలు మట్టి మోశారు. ఆ విభజన కూడా ఎవరూ చెప్పకుండానే జరిగిపోయింది. చివరకు ఇద్దరమ్మాయిలు కొంగులు బిగించి కాలువలో దిగిన తర్వాత మిగిలినవారు సిగ్గుపడి దిగారు. ఆ తోటలో అతి ముఖ్యమైన పని అదే. ఫోటోలలో లేనిది కూడా అదే.

ప్రారంభోత్సవం జరిగింది. గేటు దగ్గర ప్రతి నీటిబొట్టూ ప్రాణమేనని బోర్డు కట్టారు. పత్రికలో వార్త పడింది. తర్వాత పదిరోజులకు, కళాశాల గోడ వెనక కాలనీనుంచి ఒకామె రెండు బిందెలతో వచ్చింది. మా హాస్టలులో పాత్రలు తోమే మనిషే. వారి వీధి కుళాయికి నాలుగు రోజులుగా నీళ్లు రావడం లేదు. తోటకు పెట్టిన పైపు చూపించి, “సార్, రెండు బిందెలు పట్టుకుంటా” అన్నది.

విద్యార్థులు నా ముఖం చూశారు. బయటివారెవరూ ఆవరణలో నీళ్లు పట్టుకోరాదని కళాశాల నిబంధన. “ఇది తోటకమ్మా, ఆఫీసులో అడుగు” అన్నాను. ఆమె నన్నేమీ అనలేదు. బోర్డు పక్కనుంచే ఖాళీ బిందెలతో వెళ్లిపోయింది. ఆ సాయంకాలం ఒక విద్యార్థి నన్ను అడిగాడు: “మనం రోజుకు రెండువేల లీటర్లు మిగిల్చాం కదా సార్, మరి అవి ఎక్కడున్నాయి?”

నా దగ్గర జవాబు లేదు. వాకబు చేస్తే తేలింది: బోరు ఎప్పటిలాగే నడుస్తున్నది. మిగిలిన నీటిలో కొంత బస్సులు కడగడానికి పోతున్నది, కొంత ట్యాంకు నిండి పొర్లిపోతున్నది. నలభై మంది యువకులు తమ చెమటతో ఆదా చేసిన నీటికి యజమాని లేడు. యజమాని లేని సొత్తు బలవంతుడి సొత్తే.

2

పొదుపు అనేది అన్ని కాలాలకూ అందరికీ వర్తించే సుగుణమని మన నీతిశాస్త్రాలు చెబుతాయి. కాని పొదుపు చేయాలంటే ముందు ఎక్కువ ఉండాలి. రెండు బిందెలతో ఇల్లు గడుపుకునే ఆమెకు పొదుపు గురించి మనం బోధించేదేమిటి? బియ్యం కడిగిన నీళ్లు పశువుకు పోస్తుంది, బట్టలుతికిన నీళ్లతో వాకిలి చల్లుతుంది, స్నానం నీళ్లు పాదుకు మళ్లిస్తుంది. మన విద్యార్థులు శిబిరం పెట్టి నేర్చుకున్న శాస్త్రమంతా ఆమెకు నిత్యజీవితం. అయితే ఆమె చేసినది సుగుణం కాదు, అవసరం. అవసరాన్ని సుగుణమని పొగడటం పేదరికాన్ని పొగడటమే. మరొకవైపు, పచ్చికకు రెండువేల లీటర్లు పోసిన సంస్థ వెయ్యి లీటర్లకు తగ్గిస్తే సన్మానం చేస్తాం. లేనివాడి పొదుపు కంటికి కనపడదు. ఉన్నవాడి పొదుపుకు శిలాఫలకం!

2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ గ్రామీణ ప్రాంతంలో మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందించాలని ప్రమాణం పెట్టుకున్నది. ఈ లెక్కన మా పచ్చిక ఒక్కరోజు తాగిన నీరు ముప్పై ఆరుమంది మనుషుల వాటా. ఈ పోలిక చెప్పినప్పుడు ఒక సహోపాధ్యాయుడు, “పచ్చికనూ మనిషినీ పోల్చడం భావోద్వేగం” అన్నాడు. నిజానికిది భావోద్వేగం కాదు, కూడికలు తీసివేతలు. ఒకే నేలక్రింద ఉన్న ఒకే నీటిని ఒకరు అందం కోసం తోడుతుంటే, మరొకరికి దాహానికి అందకపోవడం రెండు వేరువేరు సంగతులు కావు. అది ఒకే సంబంధానికి రెండు వైపులు.

“నీరు పల్లమెరుగు” అని మన పెద్దలన్నారు. మోటారు రాకముందు అది నిజమే. మోటారు వచ్చిన తర్వాత నీరు సొమ్మునెరుగుతున్నది. ఎవడి బోరు లోతైతే వాడివైపు నడుస్తున్నది.

3

మిగిల్చిన నీరు దానంతటదే అవసరమున్నవారికి చేరుతుందనే భ్రమ మనలో చాలామందికి ఉన్నది. ఈ భ్రమను ఒక బూర్జువా ఆర్థికవేత్తే ఏనాడో పగలగొట్టాడు. ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ 1865లో బొగ్గు సమస్యపై రాసిన గ్రంథంలో ఒక విచిత్రాన్ని చూపించాడు. ఆవిరియంత్రాలు మెరుగుపడి తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయడం మొదలుపెట్టిన తర్వాత దేశంలో బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. పొదుపు వల్ల యంత్రం చౌక అయింది. చౌక అయినందున మరిన్ని యంత్రాలు వచ్చాయి. లాభం కోసం ఉత్పత్తి సాగే సమాజంలో మిగులు మిగులుగా ఉండదు. వెంటనే కొత్త వ్యాపారంలోకి దూరుతుంది.

నీటికీ ఇదే సూత్రం. ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మసేద్య పథకం ప్రారంభమైన తర్వాత అనంతపురం జిల్లాలో బిందుసేద్యం బాగా వ్యాపించింది. ఎకరాకు పట్టే నీరు తగ్గిందనడంలో సందేహం లేదు. కాని నీరు మిగిలిన రైతు ఏం చేస్తాడు? అప్పు తీర్చుకోవాలి గనుక మరో ఎకరా చీనీతోట వేస్తాడు. అతణ్ణి నిందించి ప్రయోజనం లేదు. అతడు ఊరుకుంటే పక్క రైతు బోరు ఆ నీటిని లాగేస్తుంది. ఒంటరిగా పొదుపు చేసినవాడు నష్టపోయేటట్లు ఏర్పాటు చేసి, పొదుపు చేయమని ఒక్కొక్కరికీ విడివిడిగా నీతి బోధిస్తున్నాం. ఇది వ్యక్తుల దుర్గుణం కాదు, ఏర్పాటులోని దుర్గుణం.

ఆ ఏర్పాటుకు చట్టం పునాది ఉన్నది. 1882నాటి భారత సౌకర్యహక్కుల చట్టం ప్రకారం తన భూమి క్రింద ఉన్న నీటిని సేకరించి వాడుకునే హక్కు భూమి యజమానిది. దీని అర్థం స్పష్టం: భూమి లేనివాడికి భూగర్భజలం లేదు. నీరు భూమిలో కదులుతూ ఉంటుంది, హద్దురాళ్లను గుర్తించదు. కాని హక్కు మాత్రం హద్దురాళ్ల మధ్య పాతుకొని ఉన్నది. 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం బావులు, బోర్లు నమోదు చేయాలన్నది, కొత్త బోర్లకు కొన్ని హద్దులు పెట్టింది. మంచిదే. అయినా భూమిలేని ఆ రెండు బిందెల మనిషికి నేలక్రింది నీటిలో వాటా ఉన్నదని అది కూడా చెప్పలేదు.

భూమికి ఒక దేశమంతా, ఒక సమాజమంతా కలిసినా యజమాని కాదని, కొంతకాలం అనుభవించి మెరుగైన స్థితిలో తర్వాతి తరాలకు అప్పగించవలసినవారమని మార్క్స్ అభిప్రాయం. ఎంగెల్స్ 1894లో ప్రచురించిన “పెట్టుబడి” మూడవ సంపుటంలో ఈ భావం ఉన్నది. వందల అడుగుల లోతునుంచి మనం తోడుతున్న నీరు ఈ ఏటి వాన కాదు, ఎన్నో ఏళ్లుగా ఇంకిన నీరు. దానిని లాభానికి తోడేవాడు పొరుగువాడినే కాదు, ఇంకా పుట్టనివాడిని కూడా దోచుకుంటున్నాడు.

4

ఇక సేవ సంగతి. జాతీయ సేవా పథకం గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో నలభైవేల మంది విద్యార్థులతో మొదలైంది. ఒక విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. ‘నా కోసం కాదు, నీ కోసం’ అన్నది దాని ఆదర్శం. స్వార్థం తప్ప మరొకటి నేర్పని చదువుల మధ్య ఇది చిన్న మాట కాదు. అయినా ఈ వాక్యంలో ఒక గోడ ఉన్నది. ‘నేను’ ఇటువైపు, ‘నీవు’ అటువైపు. ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి క్రింద. మా తోటలో ఆ ‘నీవు’ ఎవరు? తోటను చూసే అతిథులా? బిందెలతో వచ్చిన మనిషా? ‘నీవు’ ఎవరో నిర్ణయించే అధికారం ‘నేను’ దగ్గరే ఉన్నంతకాలం సేవ దానంగానే ఉంటుంది. దానం ఎప్పుడైనా ఆపివేయవచ్చు. హక్కును ఆపితే లెక్క చెప్పవలసి వస్తుంది.

ఈ దేశంలో పేదవాడి శ్రమను ఉచితంగా తీసుకోవడానికి ఎన్నో పేర్లున్నాయి. తెలంగాణాలో దొరలు దానిని వెట్టి అన్నారు. 1946 నుండి 1951 వరకు సాగిన పోరాటం ఆ పేరును బద్దలుకొట్టింది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ప్రజాప్రయోజనానికి రాజ్యం నిర్బంధసేవ విధించవలసి వస్తే అందులో మతం, జాతి, కులం, వర్గం అనే వివక్ష ఉండరాదని కూడా అదే అధికరణం చెప్పింది. ఈ రెండో మాట మనం మరచిపోయాం. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైన తర్వాత ఊరూరా శ్రమదానాలు జరిగాయి. భూమిలేని కూలీ శ్రమ దానం చేశాడు. అతడు వేసిన రోడ్డుమీద నడవడానికి బండి ఉన్నది భూస్వామికి. సొమ్మొకడిది, సోకొకడిది! ఆ పథకాలలో ప్రజల నిజమైన భాగస్వామ్యం కలగలేదని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం కూడా ఒప్పుకున్నది.

స్వచ్ఛంద శ్రమకు మరొక ఉదాహరణ మన పాఠకులకు తెలిసినదే. 1919 ఏప్రిల్‌లో మాస్కో రైల్వే డిపోలో పదిహేనుమంది కార్మికులు తమ పని అయిన తర్వాత, కూలి లేకుండా రాత్రంతా శ్రమించి మూడు రైలింజన్లు బాగుచేశారు. లెనిన్ దానిలో గొప్ప ప్రారంభాన్ని చూశాడు. కారణం వారు ఉచితంగా పనిచేయడం కాదు. ఉచితంగా పనిచేయడం బానిసకూ తెలుసు. ఆ ఇంజన్లు తమవేనని, వాటి ప్రయోజనం తమ వర్గానిదేనని నమ్మి చేశారు గనుకనే ఆ శ్రమకు కొత్త గుణం వచ్చింది. అయితే నిజం మొత్తం చెప్పాలి. అదే శనివారపు శ్రమ తర్వాతి దశాబ్దాలలో హాజరు వేసుకునే తంతుగా మారింది. ఫలితంపై నిర్ణయాధికారం శ్రమించేవాడి చేతినుంచి జారిపోతే, ఎర్రజెండా క్రింద జరిగినా సేవ చాకిరీ అవుతుంది. ఈ పాఠం మన ప్రత్యర్థులకోసం కాదు, మనకోసం.

5

ఇంతవరకు చదివిన కొందరు యువమిత్రులు తొందరపడి ఒక నిర్ణయానికి రావచ్చు: “అయితే ఈ తోటలు, కుండలు, ఇంకుడు గుంటలు అన్నీ కంటితుడుపే. వ్యవస్థ మారినప్పుడు నీళ్లు వాటంతటవే వస్తాయి.” నేను దీనితో ఏకీభవించను. ఇది విప్లవం పేరుతో చెప్పే సోమరితనం. వ్యవస్థ మారిన మరునాడు అనంతపురంలో వాన రెట్టింపు కాదు. ఆనాడు కూడా 550 మిల్లీమీటర్లనే పంచుకోవాలి. పంచుకోవడానికి కొలవడం రావాలి. కొలవడం రాని ప్రజల పేరుతో ఎవరో కొలుస్తారు, కొలిచేవాడే యజమాని అవుతాడు.

అందుకే నేను ఆ తోట విలువను తక్కువ చేయను. ఒక లీటరు బరువెంతో, ఒక మొక్క దాహమెంతో, ఒక మిద్దెమీద ఎంత వాన పడుతుందో ఆ నలభైమందికి చేతులతో తెలిసింది. ఇటువంటి జ్ఞానం రైతుల చేతికి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాలలో రైతుల నిర్వహణలో భూగర్భజల పథకం నడిచింది. రైతులే, అందులో స్త్రీలు కూడా, వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చొని నేలలో ఎంత నీరున్నది, ఏ పంటకు ఎంత కావాలి అని జమాఖర్చు వేసుకున్నారు. నీటి లెక్క ఇంజనీరు బల్లమీదనుంచి రచ్చబండ మీదికి దిగడం ప్రజాస్వామ్యంలో ఒక మెట్టు. అయితే దాని పరిమితి కూడా చూడాలి. లెక్క అందరికీ తెలిసింది, బోరు మాత్రం బోరున్నవాడిదే.

ఆ రెండో మెట్టు ఎక్కిన ఊరు మహారాష్ట్రలో ఉన్నది. 1972 కరువు తర్వాత పుణె జిల్లా పురందర్ తాలూకాలోని నాయ్‌గావ్‌లో విలాసరావు సాళుంఖే అనే ఇంజనీరు పానీ పంచాయతీ అనే ఏర్పాటు ప్రారంభించాడు. దాని సూత్రాలు సామాన్యమైనవి కావు. నీటివాటా భూమిని బట్టి కాదు, కుటుంబంలో మనుషులను బట్టి. తలకు అర ఎకరా చొప్పున, కుటుంబానికి రెండున్నర ఎకరాలకు మించకుండా. నీటిని విపరీతంగా తాగే చెరకు వేయరాదు. భూమి అమ్ముకున్నా దానితోపాటు నీటిహక్కు పోదు. అన్నిటికన్నా ముఖ్యంగా, భూమిలేనివారికి కూడా నీటిలో వాటా ఉన్నది. 1882 చట్టం కట్టిన ముడిని ఒక చిన్న ఊరు తన ఒప్పందంతో విప్పి చూపించింది. అక్కడ పొదుపుకు అర్థమున్నది. ఎందుకంటే ఒకరు మిగిల్చిన నీరు ఎవరికి చేరుతుందో అందరికీ తెలుసు. అది పంచుకునేవారి పొదుపు.

నీటిమీద హక్కు అడగడం మన దేశంలో ఎంత ప్రమాదకరమో చరిత్ర చెబుతుంది. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ నాయకత్వాన వేలమంది అస్పృశ్యులు చౌదార్ చెరువు నీళ్లు తాగినందుకు వారిపై దాడి జరిగింది. 1985 జూలైలో మన కారంచేడులో దళితులు తాగే చెరువునీటిని మురికి చేయడాన్ని ఒక స్త్రీ ప్రశ్నించింది. మరునాడు జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతులయ్యారు. మహాడ్ చెరువులోనూ, కారంచేడు చెరువులోనూ కొరత నీటికి కాదు. అక్కడ లోపించినది సమానత్వం. నీటి ప్రశ్నను కేవలం కొరతగా, కొరతను కేవలం పొదుపుతో తీరేదిగా చెప్పేవారు ఈ చరిత్రను చెరిపివేస్తున్నారు.

6

మా తోట కథ ముగించాలి. ఆ సాయంకాలం ప్రశ్న తర్వాత విద్యార్థులు గేటు దగ్గర బోర్డుపై నినాదం చెరిపి అంకెలు రాశారు. బోరునుంచి నేడు తోడినది ఇంత, తోటకు వాడినది ఇంత, పచ్చిక తీసినందువల్ల మిగిలినది ఇంత. రోజూ రాశారు. నినాదానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు గాని, అంకెలకు వారంలోనే అభ్యంతరం వచ్చింది. మిగిలిన రెండువేల లీటర్లకు గోడవెనక ఒక కుళాయి పెట్టాలని అర్జీ ఇచ్చారు. “ఇవాళ కుళాయి అడిగినవారు రేపు ఇంకేమి అడుగుతారో” అని యాజమాన్యం అన్నది. ఆ అనుమానం సరైనదే. అర్జీమీద నేను సంతకం పెట్టాను. సహోపాధ్యాయులలో సగంమందికి పైగా పెట్టలేదు. బిందెలతో వచ్చిన ఆమెకు నేను క్షమాపణ చెప్పాను. ఆమె, “దానికేముంది సార్, కుళాయి ఎప్పుడిస్తారు?” అని మాత్రం అడిగింది. ఆమెకు కావలసినది నా పశ్చాత్తాపం కాదు.

వేసవి సెలవులు వచ్చాయి. సేవకు అసలు పరీక్ష సెలవులలోనే. ప్రతి సంవత్సరం నాటిన మొక్కలు ఎండిపోయేది అప్పుడే, లేదా జీతంలో చేరని అదనపు చాకిరీగా అటెండరు నెత్తిన పడేది అప్పుడే. ఈసారి ఊళ్లో ఉన్న విద్యార్థులు, కాలనీ కుర్రవాళ్లు కలిసి వంతులు వేసుకున్నారు. పదకొండు మొక్కలు చచ్చిపోయాయి, నలభై తొమ్మిది బ్రతికాయి. జూన్‌లో కుళాయి వచ్చింది, ఉదయం ఒక గంటకు మాత్రమే. నేను ఆ కళాశాల వదిలేనాటికి అది ఒకరోజు వచ్చేది, ఒకరోజు రాదు. రాని రోజున కాలనీవారు లోపలికి వచ్చి బోర్డుమీది అంకె చూసి, ఈ నీరు ఎక్కడికి పోయిందని అడిగేవారు. తోటవల్ల కలిగిన లాభం ఏమిటని నన్నెవరైనా అడిగితే, రెండువేల లీటర్లు అని చెప్పను. ఆ ప్రశ్న అడిగే ధైర్యం, అడగడానికి ఆధారమైన ఆ అంకె అని చెబుతాను.

విద్యార్థి మిత్రులారా, ఉపాధ్యాయ మిత్రులారా, తోటలు వేయండి. కుండలు పాతండి, గుంటలు తవ్వండి, మురుగుకాలువలో ముందు మీరే దిగండి. కాని మొదటి పార పడకముందే మూడు సంగతులు తేల్చుకోండి. మిగిలే నీటిని ఎవరు కొలుస్తారు? అది ఎవరికి చేరుతుంది? ఆ సంగతి నిర్ణయించే చోట ఆ నీరు అవసరమైనవారు కూర్చుంటారా, లేదా? ఈ మూడింటికీ జవాబు లేకుండా చేసిన పొదుపు ఎవరి ట్యాంకులోనో పొర్లిపోతుంది. జవాబు చెప్పుకొని మొదలుపెట్టిన తోట ఎంత చిన్నదైనా సరే, ‘నీ కోసం’ అనే దానాన్ని దాటి ‘మన’ అనే హక్కువైపు ఒక అడుగు వేస్తుంది.